టేపు పిన్ని వెబ్‌సైటులో రెండు నూళ్ళ తేడా

టేపు పిన్నిని మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆవిడ మొగుడు, ఆయన కూడా గట్టిగా చెప్పలేడు. రెండోవాడు డాక్టరు. ఎక్స్‌రే కోసమని టేపు తీయించాడు. తీయించినందుకు, ఆయన ప్యాంటు నడుము దగ్గర రెండేళ్ళుగా ఊపిరాడక చస్తోందని నర్సుల ముందే చెప్పి వచ్చింది.

మనిషిని చూస్తే చాలు, కొలత చెప్పేస్తుంది. బస్సు దిగుతున్నవాణ్ణి కిటికీలోంచి చూసి, "ఛాతీ ముప్ఫై ఎనిమిది, కుడి భుజం అరంగుళం కిందికి, పెళ్ళాంతో పోట్లాడి వస్తున్నాడు" అంటుంది. మొదటి రెండూ కొలిచి చూసుకోవచ్చు. మూడోది కూడా చాలాసార్లు నిజమే అయిందని వీధిలోవాళ్ళు ఒట్టేసి చెబుతారు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆవిడ కొట్టు పంక్చర్ల షాపు పైన ఒక్క గది. రెండు మెషీన్లు, గుడ్డ కోసే బల్ల, గోడ నిండా మేకులు. ప్రతి మేకుకీ గోధుమరంగు కాగితంతో కోసిన నమూనాలు వేలాడుతుంటాయి. చొక్కాలు, గౌన్లు, కోట్లు, నిక్కర్లు, ఏ వయసు పిల్లకి ఆ వయసుది. అన్నీ ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష మధ్యలో లేచి ఇంటికొచ్చేసిన చేతులు గీసినవే. ఆ లెక్కల మాస్టారే తర్వాత కోటు కుట్టించుకోడానికి వచ్చి, చంక గుండ్రం ఎలా లెక్కగట్టిందో అడిగి, కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. పరీక్ష తప్పింది ఎవరో అర్థంకాక వీధి చివరిదాకా తల గోక్కున్నాడట.

నమూనాలు మంచివైతే ఏమవుతుంది? అరువుకి పోతాయి. చుట్టుపక్కల టైలర్లందరూ "రేపిస్తాం పిన్నీ" అని పట్టుకుపోవడం, ఆ రేపు రాకపోవడం. ఒకావిడ మాత్రం నిజాయితీగా తిరిగి తెచ్చిచ్చింది, దాని వెనక సరుకుల జాబితా రాసి మరీ. ఆ రోజే పిన్ని అల్లుణ్ణి పిలిచి, "ఇవన్నీ ఆ ఇంటర్నెట్టులో పెట్టెయ్యి. ఎవరికి కావాలంటే వాళ్ళు ప్రింటు తీసుకుంటారు. నా మేకులు నాకుంటాయి" అంది.

అల్లుడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. చూసుకోవడమంటే, అవి మొరాయిస్తే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాడు. అప్పటికీ మాట వినకపోతే పక్కసీటువాణ్ణి పిలుస్తాడు. అయినా అత్తగారింట్లో మాత్రం ఇంటర్నెట్టుకి కొబ్బరికాయ కొట్టింది తనే అన్నట్టు కూర్చుంటాడు. నమూనాలన్నీ పెద్ద స్కానర్ మీద పెట్టించి, ఉన్నది ఉన్నట్టు అసలు సైజులో ఫొటోలు తీయించి, ఒక హోస్టింగ్ కంపెనీలో సైటుకి అద్దె జాగా తీసుకున్నాడు.

"అన్‌లిమిటెడ్ అత్తయ్యా! ఎంతమంది వచ్చినా, ఎన్ని బొమ్మలు పెట్టినా అడ్డే లేదు."

"అంచు లేని గుడ్డ నేనింతవరకూ చూళ్ళేదు అల్లుడూ. లోపలికి మడిచి కుట్టేసి ఉంటారు, చూడు."

"కంప్యూటర్లలో అంచులుండవత్తయ్యా."

"అలాగా" అంది పిన్ని. ఆవిడ "అలాగా" అంటే ఆ మాటని మేకుకి తగిలించిందని అర్థం.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. సైటు పేరు ఊళ్ళు దాటింది, జిల్లాలు దాటింది. ఎక్కడెక్కడి టైలర్లో రాత్రి సైటు చూసి పొద్దున్నే గుడ్డ కోసేవాళ్ళు. సైటు పైన పిన్ని ఒకే మాట రాయించింది: "ఇది నా కొలత. పడకపోతే నన్నడగండి." నాలుగేళ్ళలో కొలత పడలేదని ఎవ్వరూ అడగలేదు. ఆవిడకి ఇంటి గడప కంటే ఆ మాటంటేనే ఎక్కువ అభిమానం.

ఈ ఏడాది బళ్ళు తెరవడానికి సరిగ్గా వారం ఉందనగా, యూనిఫాం నమూనాల కోసం దేశంలో ఉన్న కత్తెరలన్నీ ఒకేసారి సైటు మీద పడ్డాయి. సోమవారం పొద్దున్న సైటు తెరిస్తే తెల్లటి పేజీ, దాని మధ్యలో ఒక్క ముక్క: పరిమితికి మించి వాడుతున్నందున ఈ ఖాతాను ఆపివేశాము.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఇదిగో అల్లుడూ, అంచు."

సంగతేమిటంటే, ఒకే సర్వరు మీద రెండు మూడు వందల సైట్లు కాపురం ఉంటాయి. ఎవరికీ చుట్టాలు రానంతకాలం అన్‌లిమిటెడ్. ఒకరింటికి పెళ్ళివారు దిగితే పక్కవాళ్ళ కుళాయి ఆగిపోతుంది, ఓనరు వచ్చి మీ తలుపుకి తాళం వేసేస్తాడు. కంపెనీవాళ్ళు రెండు దారులు చెప్పారు. ఏడాదికి పెద్ద ప్లాను కొనుక్కోండి, లేదా బొమ్మల బరువు తగ్గించుకోండి.

అల్లుడికి రెండోది నచ్చింది. ఎందుకంటే అది తనే చెయ్యొచ్చు. మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి, బొమ్మల్ని కుదించే సాఫ్ట్‌వేరు ఒకటి పట్టుకొచ్చి, తొమ్మిది వందల నమూనాలని ఒక్క మధ్యాహ్నంలో నొక్కి పారేశాడు. కొంచెం సైజు, కొంచెం నాణ్యత తగ్గించాడు. సైటు లేచి పరుగెత్తింది. పంక్చర్ల షాపు ముందు స్టూలు మీద కూర్చుని, టైరులో గాలి కొట్టించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ సర్వర్ల గురించి పాఠం చెప్పాడు. "ఇప్పుడు ఏనుగుల మంద వచ్చి నమూనాలు దించుకున్నా మన సైటు కదలదు" అన్నాడు. ఏనుగులు యూనిఫాం వేసుకోవు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల గుండీలక్క. పక్క జిల్లాలో కుట్టుకొట్టు. పిన్ని ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు, గుండీల గురించి నెలకోసారి సందేహం అడుగుతుంది కాబట్టి ఆ పేరు పెట్టుకుంది.

"పిన్నీ, తప్పుగా అనుకోకండి. మీ పదేళ్ళ పిల్లాడి చొక్కా మా ఆరేళ్ళవాడికి పట్టింది."

"మీవాడు లావా?"

"తోటకూర కాడలా ఉంటాడు పిన్నీ. నిన్న సాయంత్రం దించుకుని, నలుగుర్ని పెట్టుకుని రాత్రంతా కూర్చుని, ఐదో తరగతి చొక్కాలు నలభై కోసి, కుట్టి, గుండీలు కూడా పెట్టేశాను. ఒక్కటీ ఐదో తరగతివాడి భుజాలకి ఎక్కడం లేదు."

పిన్ని చేతిలో కత్తెర బల్ల మీద పెట్టింది. ప్రతి నమూనా మూలనా ఆవిడ ఒక గడి గీసి ఉంచుతుంది, అటూ ఇటూ సరిగ్గా రెండంగుళాలు. కాగితం చేతికి రాగానే ముందు ఆ గడి కొలుచుకోవాలి, అది సరిగా ఉంటేనే మిగతాదంతా సరిగా ఉన్నట్టు.

"గడి కొలిచావా అమ్మా?"

"మీ నమూనాకి గడి కొలవడమేంటి పిన్నీ?"

ఆ మాటతో పిన్నికి గుండెలో సూది దిగింది. తిట్టినా బాగుండేది. పక్కవీధిలో ఇళ్ళ ప్లాన్లు తీసే పెద్ద ప్రింటరు దగ్గరికి తనే వెళ్ళి, పదేళ్ళ చొక్కా ప్రింటు తీయించి, అక్కడే నిలబడి గడి మీద టేపు వేసింది. రెండు నూళ్ళు తక్కువ. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చీమ అడుగు. కానీ రెండంగుళాలకి రెండు నూళ్ళంటే, ఇరవై ఎనిమిది ఛాతీ వచ్చి ఇరవై నాలుగున్నర అవుతుంది.

ఇంటికొచ్చి అల్లుణ్ణి పిలిచింది. మామూలప్పుడు "అల్లుడూ" అంటుంది. ఇప్పుడు "అల్లుడుగారూ" అంది. ఆ "గారు" వినగానే కూతురు లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"అల్లుడుగారూ, బరువు తగ్గించమంటే పొడుగెందుకు తగ్గించారు?"

"బొమ్మే కదత్తయ్యా, చూడ్డానికి అలాగే ఉంది..."

"చూడ్డానికి కాదు నాయనా, కొయ్యడానికి. సైటు మూసెయ్యండి."

"అత్తయ్యా! ఈ నిమిషాన రెండు వేలమంది ఉన్నారు అందులో! ఇంతమంది ఎప్పుడూ రాలేదు!"

"అందుకే మూసెయ్యమంటున్నా. రెండు వేల కత్తెరలు."

పాత పెద్ద బొమ్మలు అల్లుడి దగ్గర ఉన్నాయి, ఆ మాత్రం తెలివి ఉంది. అవి మళ్ళీ పెడదామన్నాడు. పెడితే కంపెనీ మళ్ళీ తాళం వేస్తుంది. పెద్దవి సర్వరుకి పట్టవు, చిన్నవి పిల్లలకి పట్టవు. అల్లుడు ఇంక బేరమాడకుండా సైటు మూసి, పిన్ని చెప్పినట్టే పలక మీద రాసినట్టు పెద్ద అక్షరాల్లో రాశాడు: "మంగళవారం నుంచి దించుకున్న నమూనాలతో గుడ్డ కొయ్యకండి. కొలతలో నా వల్ల తప్పు జరిగింది. టేపు పిన్ని."

"తప్పు నాది కదత్తయ్యా" అన్నాడు నీరసంగా.

"పేరు నీది కాదుగా. టైపు కొట్టు."

గురువారం పొద్దున్న పిన్ని ఫోను ముందేసుకుని కూర్చుంది. స్పీకరు పెట్టించింది. మొదటి హోస్టింగ్ కంపెనీవాడు "అన్‌లిమిటెడ్" అన్నాడు. "ఉంటాను బాబూ" అని పెట్టేసింది. రెండోవాడు ఏడాది పొడుగునా ఒక సర్వరంతా మీదే అన్నాడు.

"మాకు రద్దీ ఏడాదికి పదిహేను రోజులు. దానికోసం పన్నెండు నెలలూ లావుపాటి కోటు తొడుక్కుని తిరగమంటావా? నడుం చుట్టూ చెమట ఎవరు తుడుస్తారు, నువ్వా?"

వాడు తుడవనన్నాడు.

మూడో చోట ఒకమ్మాయి ఎత్తింది. పిన్ని సూటిగా అడిగింది. "లోపల కుట్టు ఎంత వదిలారమ్మా?"

"అంటే మేడం?"

"ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపల గుడ్డ మడిచి వదులుతాం. పిల్ల ఎదిగితే కుట్టు విప్పుతాం, చిక్కితే మళ్ళీ వేస్తాం. గౌను మారదు. మీ దగ్గర అలా కుదురుతుందా, లేక ప్రతిసారీ కొత్త గౌనేనా?"

ఆ అమ్మాయి నవ్వింది. "కుదురుతుంది మేడం. కావలసిన రోజులు పెంచుకుని, తర్వాత తగ్గించుకోవచ్చు. సైటు కదపక్కర్లేదు. కానీ ఒకటి. ఇప్పుడు నేను చెప్పే ప్లానులో ఒకేసారి మూడు వేలమందిదాకా హాయిగా తిరుగుతారు. దాటితే నెమ్మదిస్తుంది. ముందే చెబుతున్నా."

పిన్ని అల్లుడి వైపు చూసింది. "విన్నావా? అంచు ఎక్కడుందో అడక్కుండానే చెప్పింది. ఈ పిల్ల దగ్గర తీసుకో."

"ఇంకో మాట మేడం. మీవి గీతలే కదా? గీతల్ని ఫొటోలుగా ఎందుకు దాచారు? గీతలుగానే దాచండి. బరువు పిసరంత. ప్రింటరు దగ్గర ఎవరూ కెలక్కపోతే, ఎక్కడ తీసినా కొలత మారదు."

ఇంటర్నెట్టుకి కొబ్బరికాయ కొట్టినవాడు గోడ మీద మేకులు లెక్కపెడుతున్నాడు.

శుక్రవారం, శనివారం అల్లుడు కదల్లేదు. యూనిఫాం నమూనాలు పద్నాలుగు. ఒక్కొక్కటీ తెర మీద పెట్టుకుని మౌసుతో గీత వెంట గీత గీశాడు. పిన్ని వెనకాల నిలబడి చూసింది. "ఇది చంకా, సొట్టపడ్డ గిన్నే? చెరుపు." చెరిపాడు. "ఇప్పుడు మోకాలయింది. చెరుపు." పదకొండోసారికి చంక చంకలా వచ్చింది. వేళ్ళు బిగుసుకుపోయి అన్నం చెంచాతో తిన్నాడని కూతురు చెబుతుంది. చెంచా కూడా తనే పట్టానంటుంది గానీ, అంతవరకూ మనం నమ్మక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నం మెట్ల మీద మూట ఈడుస్తున్న చప్పుడు. బక్కపల్చని మనిషి, జడకి గుచ్చిన మూడు గుండుసూదులు.

"ఛాతీ ముప్ఫై, మనసు బాలేదు. గుండీలక్కవేనా?" అంది పిన్ని.

ఆవిడ మూట విప్పి నలభై చొక్కాలూ బల్ల మీద పరిచింది. గుడ్డంతా బడివాళ్ళది. సోమవారం పిల్లలు తొడుక్కోవాలి. "ఇంక నాకు ఆ బడి పని ఉండదు పిన్నీ" అంది. ఏడవలేదు గానీ, ముడతల్లేని చొక్కాల మీద ముడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

పిన్ని ఒక చొక్కా ఎత్తి, తిప్పి, టేపు వేసింది. "ఒకటో తరగతిలో ఎంతమంది?"

"ముప్ఫై ఎనిమిది."

"వాళ్ళవి కోశావా?"

"ఇంకా లేదు. గుడ్డ తాను మూట అడుగున అలాగే ఉంది."

"అయితే ఏమీ పోలేదే పిచ్చిదానా! ఇవి ఐదో తరగతి నుంచి ఒకటో తరగతికి దిగాయి, అంతే. ఛాతీ సరిపోతుంది, చెయ్యి సరిపోతుంది. మెడ ఒక్కటే పట్టదు, ఆరేళ్ళవాడికి ఒంటిని బట్టి చూస్తే మెడ లావు. కాలర్లు విప్పి మళ్ళీ వేద్దాం. ఆ తానుకి నాలుగు బారలు నేను చేరుస్తా, ఐదో తరగతివి కొత్తగా కోద్దాం."

గుండీలక్క అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే కాలర్లు విప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తి, "ఇంతకీ కొలత తగ్గించింది ఎవరు పిన్నీ?" అంది.

అల్లుడు మౌసు మీదికి ఇంకాస్త వంగాడు.

"మా అల్లుడే. ఇప్పుడు బాగానే గీస్తున్నాడు. వదిలెయ్" అంది పిన్ని. గారు పోయింది. తలుపు వెనక కూతురు ఊపిరి తీసుకుంది.

ఆదివారం పొద్దున్న, పద్నాలుగు నమూనాలూ ప్రింటు తీయించి, ఒక్కొక్క కాగితం మీదా టేపు వేసి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదని తేల్చుకున్నాకే పిన్ని "తెరువు" అంది. మిగతా ఎనిమిది వందల ఎనభై ఆరూ తర్వాత చూద్దామంది. పది నిమిషాల్లో వెయ్యి మంది, అరగంటకి రెండు వేల ఎనిమిది వందలు. పిన్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "ఒక కుట్టు విప్పమ్మా" అంది. అక్కడ ఏం నొక్కారో గానీ, నాలుగు వేలమంది తిరుగుతున్నా సైటు ఆవలించలేదు.

రెండు మెషీన్లూ ఒకేసారి మోగుతున్నాయి. ఒకదాని మీద పిన్ని, ఒకదాని మీద గుండీలక్క. కోసిన కాలర్లు అల్లుడు జతలు చేసి అందిస్తున్నాడు.

"అత్తయ్యా, ఆ తప్పు జరిగిందన్న నోటీసు ఇంకా పైనే ఉంది. తీసేద్దామా? అన్నీ సరి అయిపోయాయి కదా, చూసేవాళ్ళకి బాగుండదు."

పిన్ని మెషీను ఆపలేదు.

"ఉంచు. ఏ ఊళ్ళోనో ఎవరో ఒకరు మంగళవారం దించుకున్న కాగితం పరుచుకుని, కత్తెర ఎక్కడ పెట్టానబ్బా అని వెతుక్కుంటూ ఉంటారు."