ఈశాన్యంలో నీళ్ళున్న స్థలం

ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మూడేళ్ళు అద్దెకున్నాక, సముద్రం దగ్గర ఇంటి స్థలం కొందామని మా ఆయన పట్టుబట్టారు. స్థలానికి ఈశాన్యంలో మడుగు ఉందని ఫోటో చూసి అత్తయ్యగారు కూడా మురిసిపోయారు. సోమవారమే సంతకం. దాచుకున్నదంతా అందులోకే వెళ్తుంది.

శనివారం పదకొండింటికి బయలుదేరాం. విల్మింగ్టన్ వైపు హైవే మీద రెండున్నర గంటల దారి; రానుపోను పెట్రోలుకి ముప్పై డాలర్లు. స్థలం పొడిగా, కొత్త మట్టి పోసి చదునుగా ఉంది. వెనక, ఆ మడుగు చుట్టూ పూడ్చకుండా మిగిలిన చిత్తడి నేలలో నడుమెత్తు గడ్డి. మా ఆయన ఏజెంటుతో మాట్లాడుతుంటే నేను చెట్ల మొదళ్ళు చూశాను. కొల్లేటి ఒడ్డున పెరిగినదాన్ని. మోకాలెత్తున నీటి మరక కనబడింది. పరాయి మనిషి ముందు చెప్పడానికి నోరు రాలేదు.

నాలుగింటికి, అర మైలు దూరంలో ఉడికించిన పీతలు అమ్మే పెద్దావిడ షెడ్డులో తిన్నాం. డజను ముప్పై ఐదు డాలర్లు, మొక్కజొన్న పొత్తులు ఊరికే ఇచ్చింది. స్థలం సంగతి వినగానే ఆవిడ చెయ్యి ఆగింది. ఆ గడ్డిలోనే పీత పిల్లలు పెరిగేవట, తుఫాను నీళ్ళు ఆ నేలే పీల్చుకునేదట. సగం పూడ్చాక పీతల బుట్టలు ఖాళీగా వస్తున్నాయి, పున్నమి పోటుకి నీళ్ళు ఆవిడ ఇంటి మెట్లెక్కుతున్నాయి. ఇదంతా మా ఆయనే నాకు తెలుగులో చెప్పారు.

"ఏమండీ, ఇవాళ పున్నమే. ఫోన్‌లో చూశాను, ఏడున్నరకి పోటు వస్తుందట. మళ్ళీ ఒకసారి చూద్దామా?"

"అంతా ఓకే చేశాక ఇప్పుడు డౌటేంటి?"

"మీరు ఈశాన్యం చూశారు. నేను చెట్ల మీద మరక చూశాను."

ఏడింటిదాకా అక్కడే ఆగి, ఆయన కారు అటే తిప్పారు. నీళ్ళు చప్పుడు లేకుండా గడ్డిలోంచి పాకి వచ్చి, హద్దు కర్రల్ని చుట్టుకున్నాయి. ఆయన బూట్లు తడిశాయి.

"అమ్మకి చెప్పు, ఈశాన్యం మరీ ఎక్కువైందని."

"మీ అమ్మగారికి మీరే చెప్పండి."

అక్కడే నిలబడి ఏజెంటుకి ఫోన్ చేసి వద్దనేశారు.

మీరూ అటు స్థలం చూడాలనుకుంటే, ఫోన్‌లో పోటు సమయం చూసుకుని ఆ గంటకే వెళ్ళండి. మా డబ్బు మిగిలిందన్న నెమ్మది నాకు ఎంతోసేపు లేదు. షెడ్డు దగ్గర కారు ఆపి, కొనడం లేదని మా ఆయన ఆ పెద్దావిడకి చెప్పారు. ఆవిడ థాంక్స్ చెప్పి అంది: "మీరు కొనకపోయినా, మట్టి పోసేశారు కదా."