పీకడానికి ఎన్ని మాటలు

మా లాటిన్ సార్ మొన్న శుక్రవారం పొద్దున పోయారు. ఆలేరు నుంచి ఫోన్ చేసి చెప్పింది గొర్రెల అవ్వ. సార్ ఇంటికి రోజూ మేకపాలు పోసే మనిషి. "బిడ్డా, సారు లేడు. నేను పాలు తెచ్చేసరికే పానం పోయింది" అన్నది. ఏడవాల్సింది పోయి, ఆఖరి చూపు నాకంటే ముందు ఆమెకు దక్కిందే అని కుళ్లుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

సెమినరీలో ఆయన నాకు నాలుగేళ్లు లాటిన్ చెప్పారు. నేను ఫాదర్‌ని కాలేదు, సర్కారు బడిలో తెలుగు టీచర్‌నయ్యాను. రిటైరయ్యాక ఆయన లాటిన్ మాటలకు తెలుగు అర్థాలు కూర్చడం మొదలుపెట్టారు. చేతులు వణికేవి, చూపు ఆనేది కాదు. అందుకని ఆదివారం పూజ అయ్యాక నేను వెళ్లి, ఆయన చెబుతుంటే రిజిస్టర్లో రాసేవాణ్ని. బుగ్గన లవంగం పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషినీ మాటలు అడిగేవారు. సగం గడ్డం గీసిన మంగలిని ఆపి, "ముక్కుల వెంట్రుక తీస్తే ఏమంటవ్?" అనేవారు. "తెలిసినోన్ని అడగాలె, తెలివిగల్లోన్ని కాదు" అనేది ఆయన మాట. ఆ రెండోవాణ్ని నేనేనని నాకు ఎప్పుడూ అనుమానమే.

నిరుడు 'వెల్లెరె' అనే క్రియ దగ్గరికి వచ్చాం. వెంట్రుక పీకినా అదే, కోడి ఈకలు పెరికినా అదే. రోము సైన్యం మకాం ఎత్తేటప్పుడు పాతిన గుంజలు పెరకడమూ అదే. మరిచినవాడికి గుర్తుచేయడానికి చెవి గుంజడం కూడా అదేనంటూ నా చెవి గుంజారు, నలభై దాటిన మనిషినని చూడకుండా. గొర్రె ఉన్ని దగ్గర మాత్రం ఆగారు. కత్తెర రాకముందు రోమువాళ్లు దాన్ని చేత్తోనే తీసేవాళ్లట. "దీనికేమందాం?" అన్నారు.

"ఉత్పాటించు, అంటే పీకడమే" అన్నాను గొప్పగా.

గడపలో పాలు పోస్తున్న అవ్వ తలెత్తింది. "పీకితే గొర్రె ఓర్సుకుంటదా సారూ? ఎండలు ముదిరితే బొచ్చు దానంతటదే వదులైతది. చింతచిగురు తీసినట్టు వేళ్ల సందుల దూస్తం."

సార్ లేచి నిలబడ్డారు. "ఎన్నేండ్ల సంది ఎతుకుతున్న మాటమ్మా ఇది. నీ పేరుతోనే రాయిస్త" అన్నారు. నాలుగేళ్ల చదువులో, ఇన్ని ఆదివారాల్లో, నేను చెప్పిన మాటకు ఆయన ఒక్కసారీ లేచి నిలబడలేదు.

"రాసినవ్‌రా?" అన్నారు.

"రాసిన సార్."

రాయలేదు. అక్కడ 'ఉత్పాటించు' అనే పెట్టాను. ఆయన కళ్లకు అది కనిపించదని నాకు తెలుసు.

ఇప్పుడు బడిలో పిల్లలు ఏదైనా మాటకు అర్థం అడిగితే, ముందు మీ అమ్మనడిగి రండని పంపిస్తాను. అది ఆయన పెట్టిన బుద్ధే. అందులో నాకు అంటింది మాత్రం సగమే.

సమాధి దగ్గరి నుంచి సార్ ఇంటికొచ్చాక అవ్వ ఆ రిజిస్టర్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నాకు చదువు రాదు బిడ్డా. సారు నా మాట ఇందుల ఎక్కిచ్చిండు గదా. జర సదువు, వింట" అన్నది.

పేజీ తీశాను. నేను రాసిన వరుస మీద వేలు పెట్టి, "దూయు: వదులైన ఉన్నిని నొప్పి లేకుండా వేళ్లతో తీయు" అని చదివాను. పక్కన ఆమె పేరు ఉన్నట్టు అదీ చదివాను. తల రిజిస్టర్ మీదికి వంచేశాను. సార్ మీది దుఃఖమనుకుని ఆమె నా వీపు నిమిరింది.

తర్వాత నా వేలు జరిపి, తన వేలు అక్కడ పెట్టింది.

"గింత చిన్న మాటకు గిన్ని అచ్చరాలు వడ్తయా బిడ్డా?" అన్నది సంబరంగా. పాలవాసన వదలని ఆ వేలితో నా 'ఉత్పాటించు'ను ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా తడుముతూ కూర్చుంది.