పడ్డక్క ఈల

పడ్డక్క ఆ కొండ మీంచి వెయ్యిసార్లు పడి చచ్చిపోయింది. చచ్చిపోయిన ప్రతిసారీ లేచి, వీపుకంటిన మట్టి దులుపుకుని, మధ్యాహ్నానికల్లా దుప్పట్లు ఆరెయ్యడానికి వెళ్లిపోయేది.

వెయ్యి అన్నది కాస్త ఎక్కువేనేమో. లెక్కపెట్టినవాళ్లు లేరు గనక కొంత తగ్గించుకున్నా తప్పులేదు. చచ్చిపోవడం కూడా పూర్తిగా నిజం కాదు. చాలాసార్లు కాలో నడుమో విరిగేది, అంతే. అదీ విరిగినట్టు నటించడమే. కొండలెక్కడం నేర్పే బడిలో, బండల మీంచి పడ్డవాళ్లను తాళ్లతో కిందికి దించడం కూడా నేర్పుతారు. దించడానికి పడ్డవాడు ఒకడు కావాలి కదా. ఆ పడ్డవాడి వేషం ఆమెది. అసలు ఉద్యోగం బట్టల గదిలో. దుప్పట్లు, చేతి తొడుగులు, తాళ్లు ఉతకడం. తాళ్లను గోరువెచ్చని నీళ్లతొట్టిలో పిసికి, ఎండ తగలనిచోట ఆరేసేది. పిల్లలందరూ ఆమెను పడ్డక్క అనేవాళ్లు. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె భర్త అక్కడ తాళ్ల మాస్టారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. స్ట్రెచర్‌ను తాళ్లకు తగిలించే ఇనుప కొక్కేనికి ఒక పక్క తలుపులా తెరుచుకునే నాలుక ఉంటుంది. అది తెరుచుకోకుండా పైన మర బిగించాలి. బిగించాక దానిమీద చెయ్యివేసి, అందరికీ వినపడేలా "చూశాను" అనాలి. ఒకడు చూశానన్నాక రెండోవాడు వచ్చి మళ్లీ చెయ్యివేసి చూడాలి. ఈ నియమం అందరికీ వర్తించేది, మాస్టారికి తప్ప. మాస్టారు చూశానంటే కొండే చూసినట్టని వాళ్ల నమ్మకం. ఆయన కట్టినదాని మీద ఇంకొకడు చెయ్యివెయ్యడం అంటే తండ్రి వడ్డించిన అన్నాన్ని వాసన చూసి తినడం లాంటిది.

రెండో పద్ధతి పడ్డవాడి నోటి గురించి. నొప్పితో ఉన్న మనిషి ఏమైనా అంటాడు, వింటూ కూచుంటే పని సాగదు, దించేవాళ్లు దాన్ని చెవిన పెట్టకూడదు. అందుకే స్ట్రెచర్ ఎక్కగానే తిట్టడం పడ్డక్క డ్యూటీ. నిజంగా ఏదైనా ప్రమాదమైతే మెడలో ఈల ఉంది. ఈల ఊదితే అంతా ఆగిపోవాలి. ఆమె ఏనాడూ ఊదలేదు. తిట్లు మాత్రం బాగా తిట్టింది. ఇంట్లో "ఏమండీ" తప్ప మరో మాట ఎరగని నోరు స్ట్రెచర్ మీద "ఒరేయ్ మాస్టారూ" అనేది. "ఒరేయ్, నీ పెళ్లాం నీతో ఎలా వేగుతోందిరా" అని బండ మధ్యలోంచి అరిస్తే పైన పిల్లలు నవ్వలేక చచ్చేవాళ్లు. మాస్టారు నవ్వేవాడు కాదు. సాయంత్రం ఇంట్లో మాత్రం, "ఎలా వేగుతున్నావో చెప్పలేదు" అనేవాడు.

ఆ నవ్వులు ఉన్న రోజుల్లోనే మాస్టారికి మతిమరుపు మొదలైంది. ముందు కళ్లజోడు మరిచాడు, అందరం మరుస్తాం. తర్వాత పాఠం మధ్యలో ఆగి, ఎదురుగా కూచున్న పిల్లల్ని ఎవరో అన్నట్టు చూశాడు. ఒకనాడు బట్టల గదికి వచ్చి, తన కూతురి పేరేమిటని మెల్లగా అడిగి వెళ్లాడు. డాక్టరు మందేమీ లేదన్నాడు, ఉన్నది పోకుండా చూసుకోమన్నాడు. ఉన్నది తాడే. తాడు చేతిలోకి వస్తే చాలు, వేళ్లు వాటంతటవే ముడి వేసుకుపోయేవి, కళ్లలోకి పాత మనిషి తిరిగి వచ్చేవాడు. తాడు పక్కన పెట్టగానే మళ్లీ పొగమంచు. తాడు చేతిలో ఉన్నంతసేపే ఆయన మాస్టారు. తాళ్ల పనిలోంచి తీసేస్తే ఇంటికి వచ్చేది ఎవరో ఆమెకు తెలుసు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఎవరికీ చెప్పలేదు. ఆయన కట్టే తాడుకు వేలాడే బరువు తనే గనక, పోతే తనే పోతుందని లెక్క వేసుకుంది. ఆ లెక్కలో తప్పు లేదనుకుంది పాపం.

పాఠం మధ్యలో ఆగిన సంగతి ప్రిన్సిపాల్ చెవిన పడింది. ఆఖరి పరీక్ష రోజున ఆయన స్వయంగా వచ్చి, కొండ అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చలి పొద్దు. బండల మీద మంచు పేరుకుని ఉంది. పడ్డక్కను స్ట్రెచర్‌లో పట్టీలతో బిగించారు. రెండు తాళ్లూ వచ్చి కలిసేది ఆమె గుండెకు పైనున్న ఒక్క కొక్కెంలోనే. మాస్టారు వంగాడు. "చూశాను" అన్నాడు.

మాట వినపడింది. మర తిరిగే కిర్రుమనే చప్పుడు వినపడలేదు. ఆమె కళ్లు తిప్పి చూసేలోగా స్ట్రెచర్ అంచు దాటింది.

బండ కడుపు ముందుకు పొడుచుకొచ్చిన చోట కొక్కెం రాయికి ఒరుసుకుని, నాలుక కొంచెం లోపలికి తెరుచుకుంది. ఆమె ఒక చెయ్యి పట్టీలోంచి లాక్కుంది. మర తిప్పబోతే మంచు పట్టి కదల్లేదు. ఈల పళ్ల మధ్యకు తెచ్చుకుంది. ఊదితే పైన అంతా ఆగుతుంది. ప్రిన్సిపాల్ కొక్కెం చూస్తాడు. మాస్టారు ఇక తాడు ముట్టడు.

ఈల ఉమ్మేసింది. కొక్కెం నాలుకను పిడికిట్లో పట్టి మూసి, "ఒరేయ్ మాస్టారూ, నీ చెయ్యి ఎక్కడ పెట్టావురా" అని అరిచింది. పైనుంచి నవ్వులు. "మర చూసుకోరా" అంది. ఇంకా నవ్వులు. ఇవాళ పడ్డక్క మంచి ఊపుమీదుందని ఎవరో అన్నారు. చెవిన పెట్టకూడదని నేర్పింది మాస్టారే, పిల్లలు బాగానే నేర్చుకున్నారు. పిడికిలి రాయికీ ఇనుముకీ మధ్య నలుగుతూ నేల వరకూ వచ్చింది. ఆ తిట్లలో ఏ కేక నిజందో పైవాళ్లకు తెలియలేదు. పిల్లలందరూ పాసయ్యారు.

ఆమె పట్టీలు తనే విప్పుకుని, చెయ్యి దాచుకుని బట్టల గదికి పోయి తాళ్ల తొట్టిలో ముంచింది. నీళ్లు ఎర్రబడ్డాయి. మాస్టారు వెనకాలే వచ్చాడు.

"మర బిగించానా?"

"బిగించారు."

"చెయ్యి వేశానా?"

"వేశారండీ. మీ చెయ్యి చల్లగా నా గడ్డానికి తగిలింది కూడా."

ఆయన తొట్టిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ఒక్క పూట ఆయన బుర్రలో పొగమంచు లేకపోవడమే వాళ్ల ఖర్మ. తాళ్ల పనికి కట్టుకునే నడుము పట్టీ విప్పి చేత్తో పట్టుకుని ప్రిన్సిపాల్ గదివైపు నడిచాడు.

ఆమె తడి చేతికి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తింది. వెళ్లేసరికి మాస్టారు అంతా చెప్పేశాడు. మర బిగించకుండానే "చూశాను" అన్నానని, తనను తాళ్ల నుంచి తప్పించమని. ప్రిన్సిపాల్ మంచివాడే. నమ్మలేక ఆమెవైపు తిరిగి, నిజమేనా అమ్మా అని అడిగాడు. ఆమె కాదంటే అక్కడితో పోయేది.

"ఆయన మాట నమ్మకండి సార్," అంది రొప్పుతూ. "ఆయనకేమీ గుర్తుండదు."

బండ మధ్యలో ఈల ఉమ్మేసిన నోరే ఆ మాట అంది. నాలుక్కరుచుకునేసరికి ఆలస్యమైంది. ప్రిన్సిపాల్ నడుము పట్టీ అందుకుని, మెల్లగా బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు. ముందు ముళ్ల పేర్లు పోయాయి, తర్వాత ముళ్లు పోయాయి. ఇప్పుడు ఆయన కిటికీ పక్క కుర్చీలో కూచుంటాడు. ఒళ్లో జానెడు తాడు ముక్క. ఒక మెలిక వేస్తాడు, చివర ఎక్కడ దూర్చాలో తెలియక ఆమెవైపు చూస్తాడు. చూసేది ఎవరినో ఆయనకు తెలియదు. ఆమె ఆయన బూటు తాళ్లు కట్టి, అన్నం తినిపించి, తాడు ముక్క మళ్లీ చేతిలో పెడుతుంది. ఆమె కుడిచేతి చిటికెన వేలూ పక్క వేలూ పూర్తిగా చాచుకోవు.

పాత శిష్యులు అప్పుడప్పుడూ చూడటానికి వస్తారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు ఆ బడిలో తాళ్ల మాస్టారు. ఎవరి దగ్గరో ఈ కథంతా విని, ఆ వేళ్లు చూసి, నిజమేనా పడ్డక్కా అని అడిగాడు.

"ఎవరయ్యా నీకు చెప్పింది?" అంది ఆమె, కుర్చీలోని మనిషి గడ్డం తుడుస్తూ. "వేళ్లు బీరువా తలుపులో పడ్డాయి. మాస్టారు ఏనాడూ మర బిగించకుండా వదల్లేదు. మోకాళ్ల నొప్పులని ఆయనే మానేశారు. నేనైతే ఆ స్ట్రెచర్ అసలు ఎక్కనే లేదు."