స్తవరాజు గారి పడవకి పేరు రాయాలి

మా స్వప్నకి ఆడపిల్ల పుట్టింది! మొన్న పొద్దున. తల్లీబిడ్డా క్షేమం. దాని పెళ్ళయిన పదకొండేళ్ళకి నేను తాతనయ్యాను.

ఇంతవరకు రాసి, అందరూ స్వీట్లు తినండి అని పోస్ట్ చేసేయాల్సినవాణ్ణి.

చేయలేకపోయాను.

నిన్న మధ్యాహ్నం ఆస్పత్రిలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ వచ్చింది. పక్కింటి స్తవరాజు గారి కూతురు ఎలేని. మన పిల్లల్ని చూసి తనూ నన్ను అంకుల్ అనే పిలుస్తుంది.

"నాన్న వెళ్ళిపోయారు, అంకుల్" అంది.

పాప అప్పుడే నిద్రపోయింది. గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది.

ఆయన అసలు పేరు స్టావ్రోస్. గ్రీసు దేశం మనిషి. నా నోరు తిరగక మొదట్లోనే స్తవరాజు గారిని చేసేశాను. ఆయనా ఊరుకోలేదు. సత్తయ్యనైన నన్ను సత్తయ్యోస్ అన్నారు.

చిన్న ద్వీపంలో పుట్టి, ఓడలకి రంగులు వేసే పనిలో చేరి, అలా ఒక ఓడలోనే అమెరికా చేరారట. ఇక్కడ వారమంతా ఇళ్ళకి పెయింట్ వేసేవారు. వీకెండ్ వస్తే గ్యారేజ్‌లో బొమ్మలు.

ఎన్ని బొమ్మలు వేసినా ఒకటే సముద్రం. వాళ్ళ ఊరిది. ఫోటో పెట్టుకుని వేయడం నేనెప్పుడూ చూడలేదు. ముందు కాన్వాస్ అంతా ఎర్రమట్టి రంగు పూసి, అది ఆరాక నీలం వేసేవారు. ఎందుకని అడిగితే, సముద్రం కింద నేల ఉంటుంది కదా అన్నారు.

ప్రతి బొమ్మలో ఒక పడవ. ప్రతి పడవకీ ఒక పేరు. అన్నీ వాళ్ళ ఊరి మనుషుల పేర్లే. ఇక్కడి గ్రీకు డైనర్ల గోడల మీద ఆయన సముద్రాలు ఎన్నో ఉన్నాయి. ఎవరు వేశారో తినేవాళ్ళకి తెలియదు. సంతకం పెట్టేవారు కాదు.

మీకు తెలుసు కదా, నేను చదివింది ఏడో తరగతి. హన్మకొండలో ముప్ఫై ఏళ్ళు సైన్ బోర్డులు రాశాను. స్వప్న దగ్గరికి ఈ పిస్కాటవే ఊరు వచ్చిన కొత్తలో పక్కింటి గ్యారేజ్‌లోంచి టర్పెంటైన్ వాసన వచ్చింది. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

లోపలికి వచ్చి చూడొచ్చా అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"నే, నే" అన్నారు.

నాకది నై అని వినపడింది. మన వైపు నై అంటే వద్దనే కదా. తర్వాత కాఫీ కప్పు చూపించారు. మర్యాదకి అడుగుతున్నారులే అనుకుని, సరే అన్నట్టు తల అటూ ఇటూ ఊపాను. ఆయన ఆ కప్పు తీసుకెళ్ళి లోపల పెట్టేశారు!

చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాను. రెండు వారాలు అటువైపు చూడలేదు.

చివరికి ఆయనే వచ్చి మా తలుపు కొట్టారు. మీ నాన్న కాఫీ ఇస్తే వద్దన్నాడు, రమ్మంటే రావడం లేదు, నేనేం తప్పు చేశానని స్వప్నని అడిగారు. అది నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాన్నా, వాళ్ళ భాషల నే అంటే అవునట. ఆయన రా రా అంటుంటే నువ్వు అలిగి వచ్చినవ్."

ఆ తర్వాత ఆరేళ్ళు నా పొద్దంతా ఆ గ్యారేజ్‌లోనే గడిచింది.

మూడేళ్ళ కిందట ఆయన చెయ్యి వణకడం మొదలైంది. నీళ్ళు వేయడానికి వణుకు మంచిదే, అక్షరాలకి పనికిరాదు అన్నారు. అప్పట్నుంచి పడవల పేర్లు నేను రాశాను. ఆయన కాగితం మీద రాసిస్తే చూసి దించడమే.

ఒకసారి చెయ్యి అలవాటు కొద్దీ ఒక గ్రీకు అక్షరానికి మన తలకట్టు పెట్టేశాను. సిగ్గేసింది. తుడుస్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉంచు. మా మామయ్య టోపీ లేకుండా పడవ ఎక్కేవాడు కాదు."

స్వప్న కడుపుతో ఉందని మీకెవరికీ చెప్పలేదు, కోపం తెచ్చుకోకండి. ఇంతకుముందు రెండుసార్లు చెప్పి ఏడ్చాం. స్తవరాజు గారికి మాత్రం నా మొహం చూడగానే తెలిసిపోయింది. మర్నాడే కొత్త కాన్వాస్‌కి ఎర్రమట్టి రంగు పూశారు. సముద్రం వేశారు, పడవ వేశారు. పేరు రాసే చోటు ఖాళీగా వదిలేశారు.

బిడ్డ వచ్చాక నువ్వే రాయాలి, మీ అక్షరాల్లో, నేను చూడాలి అన్నారు. అప్పట్నుంచి రోజూ అదే ప్రశ్న. వచ్చిందా?

పోయిన నెల మంచం పట్టారు.

మొన్న పాప పుట్టగానే ఎలేనికి ఫోన్ చేశాను. ఆయన కళ్ళు తెరవడం లేదని, చెవి దగ్గర పెడతాను మాట్లాడమని అంది. ఆ సంతోషంలో నాకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. "స్తవరాజు గారూ, వచ్చింది, పాప వచ్చింది" అని తెలుగులోనే అరిచాను.

ఫోన్‌లో ఆయన ఊపిరి వినపడింది.

తర్వాత, "నే."

నా మాట అర్థమై అన్నారో, గొంతు గుర్తుపట్టి అన్నారో తెలియదు. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదట.

స్తవరాజు గారూ, ఇరవై ఒకటో రోజు పేరు పెడతాం. ఆ రోజే మీ పడవ మీద రాస్తాను. తలకట్లు ఒక్కటీ మర్చిపోను. మీ ఊరి నీళ్ళ పక్కన మీ ప్రాణం చల్లగా ఉండాలి. వెళ్ళి రండి.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు, మర్చిపోకుండా ఇక్కడే రాసుకుంటున్నాను.

హన్మకొండ పెద్దక్క. ముందు పాప సంగతి, రెండోది మెల్లగా.

జమ్మికుంట బామ్మర్ది. ఫేస్‌బుక్ చూడడు.

ఫ్రిస్కోలో తమ్ముడి కొడుకు, కోడలు.

కరీంనగర్ వియ్యంకులకి అల్లుడు చెప్పేశాడు. అయినా నేనూ చేయాలి.

స్తవరాజు గారి చెల్లెలు, వాళ్ళ ద్వీపంలో. అన్న పోయిన సంగతి ఎలేని చెప్పింది. ఏడుస్తూనే ఆమె ఒక మాట అడిగిందట, ఆ పక్కింటి ఇండియా ఆయన ఇంట్లో బిడ్డ వచ్చిందా అని. ఆ జవాబు నన్నే చెప్పమంది ఎలేని.

ఆమెకి ఇంగ్లీషు రాదు. నాకు గ్రీకు రాదు.

ఆ ఒక్క మాట వచ్చు.