పచ్చిక ఎండబెట్టిన పది దినాలు

ఆయప్ప మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నమూ చేయలేదు. ఆస్ట్రేలియాలో నన్ను ఏడాది పాటు ఇంట్లో పెట్టుకున్న తెల్లాయన. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో, పదహారేండ్లప్పుడు, స్కాలర్‌షిప్ మీద అక్కడి హైస్కూల్లో చదివేకి పోయినాను. గోరంట్ల పక్క మా పల్లెలో అంతకుముందు విమానమెక్కిన ఆడపిల్ల లేదు. "వయసొచ్చిన పిల్లను పరాయోళ్ళ ఇంట్లో పెడతావా, నీకేమన్నా మతుండాదా?" అని మా పెదనాయన ఇంటికొచ్చి మరీ నాయనను తిట్టినాడు. నాయనది ఒకటే మాట, "నా బిడ్డ సర్టిఫికెట్ పట్టుకొనే వస్తాది, చూస్తా ఉండండి." ఆ సర్టిఫికెట్ ఇచ్చేది డిసెంబర్లో, స్కూలు ఆఖరి సభలో. ఆలోపల ఆ ఇంటివాళ్ళు స్కాలర్‌షిప్ వాళ్ళకు ఒక్క ఫిర్యాదు రాస్తే చాలు, మధ్యలోనే తిప్పి పంపించేస్తారు. అందుకే ఏడాదంతా నోరు కుట్టుకొని ఉన్నాను.

మొదటి వారం షవర్ కింద నిలబడితే నాకు స్నానం చేసినట్లే లేదు. ఒంటి మీద పడే నీళ్ళకంటే పక్కకు పోయేవే ఎక్కువ. చూస్తాంటే ప్రాణం ఉసూరుమనేది. మా ఇంట్లో ఒక బకీటు, ఒక చెంబు, అంతే. ఆయప్ప భార్యను అడిగి కారు షెడ్డులో ఉన్న బకీటు తెచ్చుకున్నాను. అది నింపుకొని షవర్ ఆపేసి, చెంబు లేదు కాబట్టి కాఫీ కప్పుతో పోసుకునేదాన్ని.

ఒక ఆదివారం పెరట్లో మాంసం కాల్చుకొని తినేకి ఆయప్ప స్నేహితులొచ్చినారు. ఆయప్ప లోపలికి పోయి ఆ బకీటూ కప్పూ పట్టుకొచ్చినాడు. అందరి ముందరా గొంతుక్కూర్చొని, ఉత్త కప్పుతో నెత్తిన పోసుకునేది నటించి చూపించినాడు. "వాళ్ళ ఊర్లో నీళ్ళుండవు పాపం, ఇప్పుడే మనుషుల మాదిరి స్నానం చేసేది నేర్చుకుంటాంది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వినారు. నేనూ నవ్వినాను. అట్ల నవ్వినందుకు ఆ పొద్దు నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది.

ఆ ఊర్లో కూడా ఆ ఏడు వానల్లేవు. నీళ్ళు పొదుపు చేయాలని చెప్పి, మర్నాడు ఆయప్ప బాత్రూం గోడకు చిన్న ఇసుక గడియారం తగిలించినాడు. నాలుగు నిమిషాలు. నీళ్ళు పొదుపు చేయమని అనంతపురం పిల్లకు చెప్తాడా! ఇసుక కిందికి జారుతూనే దబదబ తలుపు కొట్టేవాడు. అది నాకొక్కదానికే, వాళ్ళిద్దరికీ లేదు. నడుం దాకా జుట్టు, దానికి సీకాయి పొడి, నాలుగు నిమిషాల్లో యాడ పోతాది? సగం పొడి నెత్తిలోనే పెట్టుకొని స్కూలుకు పోయిన దినాలున్నాయి.

నా తలుపు కొట్టిన మనిషే సాయంత్రమైతే ఇంటి ముందర గడ్డికి గంట సేపు పైపు పట్టేవాడు. ఎవరూ తినేది కాదు, ఏదీ మేసేది కాదు, ఆ వీధి మొత్తానికి ఒక్క గొర్రె లేదు. వారానికొకసారి దాన్ని కత్తిరించి, కత్తిరించిందంతా చెత్తబుట్టలో పోసేవాడు. ఎవరినీ తొక్కనిచ్చేవాడు కాదు. కిటికీలోంచి చూస్తా పళ్ళు కొరుక్కునేదాన్ని. ఉండప్పా ఉండు, నాకూ ఒక దినమొస్తాది అనుకునేదాన్ని.

వచ్చింది. డిసెంబర్ మొదట్లో వాళ్ళిద్దరూ పది దినాలు సముద్రం ఒడ్డుకు పోయినారు. ఆడ అది మండే ఎండాకాలం. నాకు పరీక్షలున్నందువల్ల పక్కింటి ముసలామె దగ్గర పడుకోమన్నారు. పోతా పోతా ఆయప్ప పైపు నా చేతిలో పెట్టి, "దినమూ గంట. ఒక్క నిమిషం తగ్గకూడదు" అన్నాడు.

నేను కొళాయి తిప్పనే లేదు.

పైరు ఎట్ల ఎండుతుందో నాకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు. మా శెనక్కాయ చేను ఎండేది పుట్టినప్పట్నుంచీ చూస్తాండా. ముందు మధ్యాహ్నం వాడుతుంది, చల్లబడితే లేస్తుంది. అప్పుడు నీళ్ళు పెడితే బతికిపోతుంది. సాయంత్రానికి కూడా లేయలేదంటే ఇంక ఆశ వదులుకోవాల్సిందే. ఆయప్ప గడ్డి నాలుగో దినం సాయంత్రం లేయలేదు. రోజూ వచ్చి చూసుకునేదాన్ని. ఎనిమిదో దినం వట్టి కాళ్ళతో దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినాను. కరకరమంది. అబ్బ, ఆ సప్పుడు నా చెవులకు ఎంత బాగుండెనో! ముసలామె గోడ మీదుగా చూసి ఇదేమని అడిగితే, నీళ్ళు పొదుపు చేస్తాండానని చెప్పినాను.

ఆయప్ప కారు దిగి, తలుపు కూడా వేయకుండా నిలబడిపోయినాడు. పరీక్షల గొడవలో మర్చిపోయినానని చెప్పినాను. నమ్మలేదు. "మీ నాయనకు ఫోన్ చెయ్. ఆయన నాకు క్షమాపణ చెప్పాల. చెప్తే వదిలేస్తా. లేదంటే రేపే ఫిర్యాదు రాస్తా" అన్నాడు. సభకు ఇంకా వారముంది.

నాయనకు ఇంగ్లీషు రాదు, ఆయప్పకు తెలుగు రాదు. మధ్యలో ఉండేది నేనే కదా, నాయన ఏమి మాట్లాడినా "సారీ అంటాండాడు" అని చెప్పేస్తే సరిపోతుంది, నాయనకు తెలియనే తెలియదు అనుకున్నాను. వీడియో కాల్ చేసినాను. మా ఊర్లో అప్పుడు పొద్దున ఏడు. నాయన తలకు టవాల్ చుట్టుకొని చేన్లో ఉన్నాడు. ఆయప్ప ఫోన్ లాక్కొని గడ్డి మొత్తం తిప్పి చూపించినాడు.

"అయ్యో, ఇదేమి పాపా, అంతా ఎండిపోయిండాదే! ఆయప్పదేనా?" అన్నాడు నాయన.

"ఆయప్పదే నాయనా."

"ఎన్ని దినాలాయ నీళ్ళు లేక?"

"పది దినాలాయ" అన్నాను. ఎందుకు లేవో మాత్రం చెప్పలేదు.

మా ఊర్లో ఎవరి చేనన్నా ఎండిపోతే, మిగతావాళ్ళు పోయి గట్టు మీద నిలబడతారు. తలకు చుట్టుకున్న టవాల్ తీసి భుజాన వేసుకొని, చేను గలాయనకు చేతులు జోడిస్తారు. నాయనకు ఎంతమంది అట్ల జోడించినారో నేను చూసినాను. ఇప్పుడు నాయన ఫోన్‌ను రాయికి ఆనించి, తలమీది టవాల్ తీసినాడు. రెండు చేతులూ జోడించి తల వంచినాడు. "ఏం చేస్తామన్నా, ధైర్యంగా ఉండు" అన్నాడు. ఆయన కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

ఆయప్ప మొగం విప్పారింది. "సరే సరే, చాల్లే" అని దొర మాదిరి చెయ్యూపినాడు. నా వైపు తిరిగి, "చూసినావా, తప్పు ఒప్పుకునేది మీ నాయన దగ్గర నేర్చుకో" అన్నాడు.

ఆ పొద్దు నోరు మూసుకొని ఉండుంటే సర్టిఫికెట్ నా చేతికొచ్చేది. కానీ నా ఒళ్ళంతా మండిపోయింది. మళ్ళీ ఆదివారం మాంసం కాలుస్తా, మా నాయన చేతులు జోడించేది కూడా ఈయప్ప నటించి చూపిస్తాడు అనిపించింది. ఫోన్ పెట్టేసినాను. "అది క్షమాపణ కాదు. నీకు పంట పోయిందనుకొని మా నాయన ఓదార్చినాడు. నేను మర్చిపోలేదు, కావాలనే ఎండగొట్టినాను. సాయంత్రం సాయంత్రం వచ్చి చూసుకొని సంతోషపడినాను" అని ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే, నిదానంగా చెప్పినాను. ఆయప్ప మొగం నల్లగా మాడిపోయింది. ఏడాదిలో నాకు కడుపు నిండినట్లయింది ఆ ఒక్క దినమే.

నాలుగో దినానికి నన్ను విమానమెక్కించినారు. బెంగళూరులో దిగి సర్టిఫికెట్ లేకుండా బయటికొస్తే, నాయన కాచుకొని ఉన్నాడు. ఇంటివాళ్ళతో పడలేదు, సర్టిఫికెట్ ఇవ్వరంట అని మాత్రం ముందే ఫోన్లో చెప్పింటిని. ఊర్లో పెదనాయన ఏమంటాడో నాకూ తెలుసు, నాయనకూ తెలుసు. నాయన దాని మాటే ఎత్తలేదు. నా తల నిమిరి, పెట్టె తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయప్ప గడ్డి మళ్ళా ఏమన్నా లేసిందా పాపా?"

"లేయలేదు నాయనా."

"పాపం" అన్నాడు. ఆయప్ప మొగం మీద కొట్టినట్లు చెప్పిన నిజం నాయనకు చెప్పేకి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు.