నా వంతు గుడ్డు

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్. మా మామ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైతే ఆ ఉద్యోగం నా భర్తకు వచ్చింది. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి, ఎంత రుద్ది కడుక్కున్నా ఆయన గోళ్ళ సందుల్లో నలుపు ఉండేది. అలాంటి ఇంట్లో, నాకు మూడో నెల అప్పుడు నర్సు ఇచ్చిన ఐరన్ గోలీలను మా అత్త తీసుకెళ్ళి సజ్జ మీద పడేసింది.

"అవి మింగితే పిల్ల నల్లగ పుడుతది," అంది.

బొగ్గు మీద బతికే కొంపలో పిల్ల నల్లగా పుడుతుందని భయం! ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. సరేనని తలూపాను.

మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే కూర్చోబెట్టి పెడతారు. టీచర్ రెండుసార్లు ఇంటికొచ్చి పిలిచింది. రెండుసార్లూ మా అత్తే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది.

"మేము కోర్టర్ల ఉండేటోళ్లం. సర్కారు కూటికి పోయి కూసుంటే నలుగురు నవ్వరా?"

మూడోసారి టీచర్ బతిమాలలేదు. కొన్ని గుడ్లు నా చేతిలోనే పెట్టి, "రోజొకటి తిను చెల్లే, నీకోసం కాదు, లోపలున్న పిల్లకోసం," అని వెళ్ళిపోయింది. మా అత్త వాటిని ఉడకబెట్టింది. ఒక్కొక్కటి నా భర్త టిఫిన్ డబ్బాలోకి పోయింది. నేను డబ్బా వైపే చూస్తుంటే, "బాయిల దిగేటోనికి బలం కావాలె. నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద," అంది. ఆయన అక్కడే చెప్పులు వేసుకుంటున్నాడు. విన్నాడు. డబ్బా పట్టుకొని వెళ్ళిపోయాడు.

నా కంచంలో ముద్దలు కూడా లెక్కే. ఎక్కువ తింటే పిల్ల పెద్దదవుతుందట, కడుపు కోయాల్సి వస్తుందట. ఐదో నెల దాటాక నాకు పచ్చి బియ్యం, బలపాలు తినాలని పిచ్చిగా అనిపించేది. ఎవరూ లేనప్పుడు గోడ సున్నం గీకి నోట్లో వేసుకునేదాన్ని. ఒకసారి మా అత్త చూసి నవ్వింది. "కడుపుతోని ఉంటే గట్లనే అయితది తియ్," అంది. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోతే అలాంటి కోరికలు పుడతాయని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఎనిమిదో నెల చివర్లో నల్లా దగ్గర బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి పడిపోయాను. దవాఖానలో రక్తం ఎక్కించారు. కడుపు కోసే పాపను తీశారు. పాప రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంది. ఎర్రగా, తెల్లగా ఉంది. మా అత్త ఎత్తుకొని, "చూసినవా, ఎంత తెల్లగుందో," అంది.

పాప ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. మూడేళ్ళు వచ్చినా అమ్మ అనలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. చివరికి కరీంనగర్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆమె పాపతో చాలాసేపు ఆడింది. తర్వాత నన్ను చూసి అడిగింది.

"కడుపుతో ఉన్నప్పుడు రక్తం తక్కువ ఉండెనా? ఐరన్ గోలీలు వేసుకున్నారా? ఏం తిన్నారు?"

నేను నా భర్త వైపు చూశాను. ఆయన ఫోన్ వైపు చూశాడు.

"వేసుకోలేదు మేడం," అన్నాను.

"ఎందుకమ్మా? చదువుకున్నదానివే కదా!"

ఈమె ఆయన్ను ఎందుకు అడగదు? డాక్టరు మళ్ళీ మెత్తగా చెప్పింది. దీనివల్లే ఇలా అయిందని తేల్చి చెప్పలేనంది, చాలా కారణాలు కలుస్తాయంది. తల్లికి రక్తం, తిండి చాలకపోతే మాత్రం లోపల పిల్ల మెదడు ఎదుగుదల మీద ఆ దెబ్బ పడవచ్చంది. ఆ "తేల్చి చెప్పలేను" నన్ను మరీ కాల్చింది. ఖాయమని చెబితే ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఇంటికొచ్చాక మా అత్త ఒక్కటే మాట అంది. "మా దిక్కు గిట్లాంటోళ్లు ఎవ్వలు లేరు. నీ తల్లిగారి దిక్కు నుంచే వచ్చుంటది."

ఆ రోజు కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను. నోరు లేచింది మా మరిది భార్య, నా తోడికోడలి శ్రీమంతం రోజున. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గాజులు తొడిగి, ముందు పళ్ళేల నిండా సకినాలు, లడ్డూలు, పండ్లు పేర్చారు. అప్పటికే అది వెలిసిపోయిన కాగితంలా ఉంది. పక్క క్వార్టర్ అవ్వ నా పాపను చూసి, "ఇంకా మాట్లాడదా బిడ్డ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది.

"ఏం చెయ్యాలె అవ్వా, దీని తల్లి కడుపుతోని ఉన్నప్పుడు ఏం పెట్టినా తినకపోయేది. ఎంత బతిలాడినమో!"

చేతిలో పసుపు గిన్నె కింద పెట్టేశాను.

"ఏం పెట్టినవ్ అత్తమ్మా? చెప్పు, అందరు ఇంటరు. గోలీలు సజ్జ మీద ఎవలు పెట్టిండ్రు? రెండు ముద్దలు తక్కువ తినుమని ఎవలన్నరు?"

"ఏయ్, లోపలికి రా," అని నా భర్త చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకొని ఆయన వైపే తిరిగాను.

"నాకిచ్చిన గుడ్లు నువ్వు తిన్నవు. నీకు ఎరుకనే. ఒక్కరోజన్న 'నువ్వు తిన్నవా' అని అడిగినవా?"

మా తోడికోడలు ఏడుస్తూ నా కొంగు పట్టుకుంది. "అక్కా, నాకు గూడ పచ్చి బియ్యం తినబుద్ధయితాంది," అంది, నాకొక్కదానికే వినపడేంత మెల్లగా.

మరుసటి మధ్యాహ్నం దాని చెయ్యి పట్టుకొని, వీధి అంతా చూస్తుండగా అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. అది గుడ్డు పూర్తిగా తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. కాన్పు దాకా రోజూ అదే పని. గోలీలు కూడా నా ముందే మింగించాను. మా అత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. తోడికోడలికి పాప పుట్టింది, ఏడాదికే మాటలు నేర్చింది. అది నన్ను "పెద్దమ్మా" అన్నప్పుడు ముద్దు పెట్టుకున్నాను. తర్వాత వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. ఆ పసిదాని మీద కూడా నాకు కోపమొచ్చింది. దాచడం దేనికి?

ఇప్పుడు నా బిడ్డకు ఆరేళ్ళు. ఆదివారాల్లో మాటలు నేర్పే కేంద్రానికి తీసుకెళ్తాం. మొదటి రోజు అక్కడ ఒక ఫారం ఇచ్చారు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉండేదో రాయమని ఒక గడి. నేను పెన్ను నా భర్తకు ఇచ్చాను.

"ఏం రాయాలె?" అన్నాడు.

"జరిగింది రాయి."

ఆయన వంకర అక్షరాలతో, "మేము తిండి సరిగ్గా పెట్టలేదు," అని రాసి, కింద సంతకం పెట్టాడు. నా వైపు చూడకుండా పాపను ఎత్తుకొని లోపలికి నడిచాడు. నేను ఆ కాగితాన్ని కౌంటర్‌లో ఇచ్చేముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.