పెదనాన్న పొడుగు

ఈమధ్య హైదరాబాదులో ఒక పెళ్ళికి వెళితే, ప్లాస్టిక్ వద్దనుకున్నారో, పాతకాలపు ముచ్చట తీర్చుకుందామనుకున్నారో గానీ, బంతిలో మోదుగాకు విస్తళ్ళు వేశారు. పొగలు కక్కే అన్నం పడగానే ఆ ఆకు నుంచి ఒక పచ్చి వాసన లేస్తుంది. పక్కనున్నవాళ్ళంతా ఆహా ఓహో అంటూ పీలుస్తుంటే నాకు మాత్రం ఆకలి చచ్చిపోయింది. ముద్ద ముట్టకుండా లేచాను. "షుగరా పిన్నిగారూ?" అని అడిగింది పెళ్ళివారమ్మాయి. అవునన్నాను. అరవై ఏళ్ళ నాటి సంగతి బంతి మధ్యలో నిలబడి ఏం చెప్పను?

మాది ప్రత్తిపాడు పక్కన నల్లరేగడి ఊరు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకునేవి. ఆ ఘాటుకు ఊరంతా ఒకటే తుమ్ములు, దగ్గులు. మా తాతయ్య ఉబ్బసానికైతే ఆ రోజులు గండమే. పత్తి తీసి వచ్చిన ఆడవాళ్ళ ఒళ్ళోంచి రాలిన దూదిపోగులు మా వాకిట్లో కోళ్ళ కాళ్ళకు చుట్టుకునేవి. మేం పిల్లలం పత్తి గుట్ట మీద పడి దొర్లి, నాయనమ్మ చేత తిట్లు తిని, రోట్లో పండుమిరపకాయలు దంచే పెద్దమ్మ చుట్టూ చేరేవాళ్ళం. వేడన్నంలో నెయ్యేసి ఆ పచ్చడి కలిపి తలా ఒక ముద్ద పెట్టేది. పెట్టేముందు మాత్రం ఒక చిన్న జాడీ నింపి, గుడ్డతో వాసెన కట్టి, అటక మీద దాచేది. అది పెదనాన్నకి. నేను పుట్టకముందే యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని మా పెదనాన్నకి. ఏడాది తిరిగేసరికి ఆ పాత పచ్చడి కూలీలకు పంచి, మళ్ళీ కొత్తది నింపేది.

ఆ యుద్ధం మా ఊరికి తుపాకులతో రాలేదని నాయనమ్మ చెప్పేది. ముందు ఓడలు ఆగాయట, పత్తి కొనే నాథుడు లేక ఇంట్లోనే గుట్టలు పడిందట. ఎక్కడో జపాను వాడికీ ఇంగ్లీషు వాడికీ తగువైతే మా పత్తి ఎందుకాగాలో ఆవిడకు చచ్చేదాకా అర్థం కాలేదు. తర్వాత బర్మా బియ్యం రావటం మానేసింది, కిరసనాయిలు మాయమైంది, పీనుగ మీద కప్పటానికి కూడా కొత్త గుడ్డ దొరకలేదు. సముద్రం ఒడ్డున బాంబులు పడతాయని జనం మూటలు నెత్తిన పెట్టుకుని మా ఊళ్ళ మీదికి వచ్చిపడ్డారు. ఆ పైన ఒకరోజు సైన్యంలో చేరండని దండోరా వేశారు. పెదనాన్నకి దేశం మీద ప్రేమా కాదు, ఇంగ్లీషు వాడి మీద భక్తీ కాదు. "లారీ తోలటం నేర్పుతారంట నాన్నా" అన్నాడట. మనిషి తాటిచెట్టంత పొడుగు. మా వీధి గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. ఎప్పట్లాగే తల వంచి దాటి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

యుద్ధం గెలిచామన్నారట, బళ్ళో పిల్లలకు మిఠాయి పంచారట. గెలిచిన 'మనం' ఎవరో ఎవరూ చెప్పలేదు. తర్వాత స్వరాజ్యం వచ్చింది, జెండా వచ్చింది, మా రాష్ట్రం మాకు వచ్చింది, రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ పోయి మంచి పంచెలు వచ్చాయి. పెదనాన్న రాలేదు. పోయాడనీ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. కనపడటం లేదని మాత్రం సర్కారు కబురు పెట్టి ఊరుకుంది.

ఆయనతోపాటు వెళ్ళిన మా ఊరి యేసురత్నం ఒక కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చి, మిరప కోతలకు మా చేలోకే వచ్చేవాడు. పెద్దమ్మ అతని దోసిట్లో మజ్జిగ పోస్తూ ఏటా అదే ప్రశ్న అడిగేది, అతను ఏటా అదే జవాబు చెప్పేవాడు.

"బర్మాలో ఏట్లోకి దిగటం చూశానమ్మా. అవతల గట్టెక్కటం చూళ్ళేదు."

"చూళ్ళేదన్నాడు గానీ ఎక్కలేదన్లేదుగా" అనేది పెద్దమ్మ ఇంటికి వస్తూ. ఆ ఒక్క మాట మీదే బొట్టు పెట్టుకుని బతికింది.

పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి బొమ్మ చేసి దహనం చెయ్యాలనీ, లేకపోతే ఆ జీవి దాహంతో తిరుగుతుందనీ పురోహితుడు చెప్పినప్పటినుంచీ తాతయ్యకు నిద్ర లేకుండా పోయింది. తను పోయేలోగా కొడుక్కి నీళ్ళు వదలకపోతే ఆ పాపం తనదేనని దిగులు. ఎగశ్వాసతో మంచంలో కూర్చుని, "దప్పికమ్మా, వాడికి దప్పిక" అని ఏడ్చేవాడు.

"మీరు తగలబెట్టేశాక ఆయన ఎక్కడికొస్తారు మావయ్యా?" అంది పెద్దమ్మ.

ఎవరిది తప్పని చెప్పను? ఇద్దరికీ ఆయన మీద ప్రాణమే. చివరికి ఆ ముసలాయన కోడలికి చేతులు జోడించాడు. జోడించిన చేతులు చూడలేక ఆవిడ సరేనంది.

అమరావతిలో కృష్ణ ఒడ్డుకు బండి కట్టుకుని వెళ్ళాం. పెద్దమ్మ దారంతా నా చెయ్యి వదల్లేదు. పురోహితుడు ఇసుకలో దర్భలు పరిచి, వాటి మీద మోదుగాకు కాడలు మనిషి ఆకారంగా పేర్చి, తలకు కొబ్బరికాయ పెట్టాడు. అంతవరకూ రాయిలా నిలబడ్డ పెద్దమ్మ ఒక్కసారి ముందుకొచ్చింది.

"ఇదేంటండీ, ఇంత పొట్టిగా ఉన్నారు?"

"శాస్త్రం చెప్పిన కొలత ఇంతేనమ్మా."

"ఆయన ఇంతే ఉండేవారా? మీరైనా చెప్పండి మావయ్యా!"

పెద్దమ్మ ఇసుకలో కూలబడి ఆ కాళ్ళను కిందికి జరపటం మొదలుపెట్టింది. కాడలు చాలలేదు. మా మధ్యాహ్నం భోజనాలకని తెచ్చిన విస్తళ్ళ కట్ట విప్పి, ఒక్కొక్క విస్తరి పుల్లలు పీకి, ఆకులు విడదీసి పేర్చింది. "ఇంకొంచెం" అంటుంది, ఇంకో విస్తరి చింపుతుంది. పురోహితుడు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆఖరికి లేచి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసుకుని, "ఇప్పుడు ఆయనే" అంది. అన్నాక, తన నోటితో తనేమందో తెలిసి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాతయ్య నిప్పు పెట్టాడు. పచ్చి ఆకు కాలిన పొగ మా బట్టలకు పట్టింది. విస్తళ్ళు ఒక్కటీ మిగల్లేదు, ఎవరమూ అన్నం తినలేదు.

ఆ ఏడు మిరప కోతల్లో పెద్దమ్మ మజ్జిగ పోసింది గానీ ఏమీ అడగలేదు. యేసురత్నం కాసేపు ఆగి, తాగి, వెళ్ళిపోయాడు. జాడీ అటక మీద బోర్లించే ఉంది. తాతయ్య ఆ వేసవి దాటలేదు.

చాలా ఏళ్ళకు నాన్న ఇల్లు విప్పి కొత్తగా కట్టిస్తుంటే, పెదనాన్న మాటే ఎత్తని పెద్దమ్మ తట్టలు మోసేవాళ్ళ మధ్యగా వచ్చి, వీధి ద్వారబంధం నిలబెడుతున్న మేస్త్రీ దగ్గర ఆగింది. గాజుల్లేని బోసి చెయ్యి పైకెత్తింది.

"ఇంకొంచెం" అంది. "ఇంకొంచెం పైకి నాయనా. తల తగులుద్ది."

ఇప్పుడు పెద్దమ్మా లేదు, ఆ ఇల్లూ లేదు. ఆ స్థలంలో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ లేచింది. ఉన్నన్నాళ్ళూ మాత్రం మా ఊళ్ళోకెల్లా ఎత్తయిన గుమ్మం మాదే. దాని కింద నుంచి మేమంతా, పొట్టివాళ్ళం, తల వంచకుండా తిరిగాం.